అంటు వంగ మొదట్లో లేచిన ఉస్తి, మామగారి షుగరు

ప్రశ్న:

నమస్కారమండీ. మాది విజయవాడ. రెండేళ్ళ కిందట నర్సరీలో అంటు వంగ మొక్క ఒకటి కొని పెరట్లో పెట్టాం. ఏడాది బ్రహ్మాండంగా కాసింది. తర్వాత పైభాగం ఎండిపోయింది గానీ, మొదట్లోంచి వేరే కొమ్మలు లేచి ఇప్పుడు మనిషెత్తు దాటింది. కాండానికి ముళ్ళు, తెల్ల పూలు, గుత్తులు గుత్తులుగా పచ్చటి చిన్న కాయలు. మామగారితో వాకింగుకు వచ్చే స్నేహితుడు చూసి 'ఇది ఉస్తి, షుగరుకు దివ్యౌషధం, చరకుడే చెప్పాడు' అన్నారట. అప్పటి నుంచి మామగారు ఆ కాయలు ఎండబెట్టి, పొడి చేసి, రోజూ పరగడుపున ఒక చెంచా వేసుకుంటున్నారు. స్వీట్లు కూడా పూర్తిగా మానేశారు. మూడు వారాల్లో పరగడుపు షుగరు 168 నుంచి 139కి దిగింది. దాంతో మాత్రలు మానేశారు. మొన్న చూస్తే 204. 'పొడి చాలట్లేదు, రెండు చెంచాలు చేద్దాం' అంటున్నారు. మా చెట్టు కాయలు చాలక ఆ స్నేహితుడు రైవస్ కాలువ గట్టు మీద నుంచి కూడా కోసుకొచ్చి ఇస్తున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. మా పాపకు ఏడేళ్ళు, దగ్గుకు ఈ ఆకు రసం మంచిదని అత్తగారు అంటున్నారు. రెండు చెట్ల ఫొటోలూ పంపుతున్నాను. ఇది నిజంగా ఉస్తేనా? వాడొచ్చా?

ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం:

అమ్మా, చెట్టు సంగతి తర్వాత. ముందు మాత్రల సంగతి చూడండి. ఇది చదివిన రోజే మీ మామగారికి మాత్రలు రాసిన డాక్టరుకు ఫోన్ చేయండి. మాత్రలు ఎప్పటి నుంచి మానేశారు, మానేశాక షుగరు ఎంతుంది, పొడి ఎంత వేసుకుంటున్నారు, ఈ మూడూ దాచకుండా చెప్పండి. పాత మాత్రలే మళ్ళీ మొదలెట్టాలా, మోతాదు మార్చాలా అన్నది ఆయనే చెబుతారు. ఇన్నాళ్ళు వేసుకోలేదు కదా అని మీరే రెండేసి మాత్రలు మింగించకండి, షుగరు ఒక్కసారిగా పడిపోతే అది ఇంకా ప్రమాదం. ఈలోగా విపరీతమైన దాహం, వాంతులు, మగత, ఆయాసం లాంటివి కనిపిస్తే ఫోన్లు చేస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పొడి మాత్రం ఇవాళ్టితో ఆపాలి. డబ్బా పారేయకండి, డాక్టరుకు చూపించడానికి పనికొస్తుంది.

నేను గుంటూరులో ముప్పయ్యేళ్ళు వృక్షశాస్త్రం పాఠాలు చెప్పిన మనిషిని. డాక్టరును కాను. అందుకే మాత్రల గురించి ఇంతకు మించి మాట్లాడను. చెట్టు గురించి అడిగారు కాబట్టి ఇక కాస్త ఓపిక పట్టండి.

చెట్టు కంటే ముందు మీ ఉత్తరంలోనే ఒక లెక్క ఉంది, అది చూద్దాం. 168 నుంచి 139కి దిగిన మూడు వారాల్లో మామగారు మూడు పనులు చేశారు. మాత్రలు వేసుకున్నారు, స్వీట్లు మానేశారు, పొడి తిన్నారు. తర్వాత ఒక్క మాత్రలే ఆగాయి. స్వీట్లు తినట్లేదు, పొడి నడుస్తూనే ఉంది. అయినా 204. పొడి వల్ల ఏదైనా మేలు ఉండి ఉంటే అది మాత్రలు లేని లోటు పూడ్చేంతది కాదని మీ గ్లూకోమీటరే చెప్పేసింది. మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంతో దాటేసిన స్వీట్ల విషయానికే నేనైతే ఎక్కువ మార్కులు వేస్తాను.

ఇక ఫొటోలు. మొదటి ఫొటోలో ఉన్నది మీరు అనుకున్నదే. మన వైపు కొండ ఉస్తి అంటారు, అరవంలో సుండకాయ, శాస్త్రీయ నామం సొలానం టార్వం. అది మీ పెరట్లోకి గాలికి వచ్చి పడలేదు, డబ్బిచ్చి మీరే కొనుక్కున్నారు. అంటు వంగ అంటే పై సగం వంగ, కింది సగం చాలాసార్లు ఈ ఉస్తే. వంగకూ టమాటాకూ ఎండు తెగులు, వేళ్ళకు నులిపురుగులు పెద్ద బెడద. ఉస్తి వేరు వాటిని బాగా తట్టుకుంటుంది. అందుకని ఉస్తి నారు పెంచి, తల కోసి, దాని మీద వంగ కొమ్మ పెట్టి చిన్న క్లిప్పుతో బిగిస్తారు. వారం పది రోజుల్లో రెండూ అతుక్కుంటాయి. మీ మొక్కలో వంగ భాగం ఆయుష్షు తీరి ఎండింది. కింద అణిగి ఉన్న ఉస్తి తన చిగుళ్ళు తాను వేసుకుంది. వంగ మొక్క ముళ్ళ చెట్టుగా మారిపోయిందని గాబరాపడుతూ నాకు ఇంతకు ముందూ ఇద్దరు ముగ్గురు రాశారు.

ఫొటోలో నేను చూసిన గుర్తులు చెబుతాను, మీరు చెట్టు దగ్గర నిలబడి సరిచూసుకోండి. ఆకు వంగాకులాగే ఉంటుంది, అంచులు అక్కడక్కడ లోపలికి నొక్కినట్టు. ఆకు అడుగు వేలితో రాస్తే నూగుగా, దుప్పటి ముక్కలా తగులుతుంది. ముళ్ళు పొట్టివి, కొంచెం వంపు తిరిగినవి, అడుగుకు నాలుగైదు మించవు. పూవు తెల్లన, నక్షత్రంలా అయిదు రేకులు, మధ్యలో పసుపు కేసరాలు ఒకదానికొకటి ఆనుకుని మొనలా నిలబడి ఉంటాయి. కాయ నున్నగా, పెద్ద బఠాణీ అంత, ఒక్కో గుత్తిలో పది పదిహేను. కాయకు తొడిమ దగ్గర ముళ్ళుండవు. కోస్తే లోపల గోధుమ రంగు గింజలు కిక్కిరిసి ఉంటాయి.

రెండో ఫొటో, ఆ కాలువ గట్టుది, ఉస్తి కాదు. పూలు ఊదా రంగులో ఉన్నాయి, ఆకు మీద కూడా ముళ్ళున్నాయి, పండిన కాయ నారింజ రంగుకు తిరిగింది. అది ములక. బృహతి అని ఆయుర్వేదంలో చెప్పేది ఈ కోవదే. ఒకటి తెల్ల పూలది, ఒకటి ఊదా పూలది. రెంటినీ కలిపి ఒకే డబ్బాలో పొడి చేశారు. ఎన్ని పాళ్ళు ఏది పడిందో కొట్టినవాళ్ళకు కూడా తెలియదు. పొడి అయ్యాక ఎంతటి వృక్షశాస్త్రం వచ్చినవాడైనా కంటితో చూసి గుర్తుపట్టలేడు.

స్నేహితుడిది అబద్ధం అనను. తప్పంతా పేర్లలో ఉంది. మన దగ్గర ఉస్తి అనే మాట ఒక్క చెట్టుది కాదు. కొన్ని ఊళ్ళలో ఉచ్చింతనే ఉస్తి అంటారు. అది పాకే తీగ, కొక్కెం ముళ్ళు, మూడు తమ్మెల చిన్న ఆకు, ఊదా పూవు, పండితే ఎర్రటి కాయ. గోదావరి జిల్లాల్లో ఆ కాయలు వేపుడు చేసుకుంటారు, అరవవాళ్ళు దాని ఆకును దగ్గుకు వాడతారు. నేల మీద పరుచుకుని ఒళ్ళంతా పొడుగాటి పసుపు ముళ్ళతో ఉండేది వాకుడు, దాన్నే నేల ములక అంటారు. సంస్కృతంలో కంటకారి. దాని కాయ మీద పుచ్చకాయలా తెల్ల చారలుంటాయి. ముళ్ళే లేకుండా, నల్లటి చిట్టి పళ్ళతో ఉండేది కామంచి. ఇవన్నీ వంగ కుటుంబమే, ఒకే ఇంటివాళ్ళు, ముఖాలు కూడా కలుస్తాయి. ఒకరి మందు ఇంకొకరికి అంటగట్టడం మహా తేలిక.

దశమూలారిష్టం పేరు వినే ఉంటారు. బాలింతలకు ఇచ్చేవారు, ఇప్పటికీ ఇస్తున్నారు. ఆ పది వేళ్ళలో రెండు ఈ ఇంటివే, ములక ఒకటి, వాకుడు ఒకటి. దగ్గు, ఆయాసం, కఫం, వీటికి ఆయుర్వేదం ఈ రెంటినీ వాడుతుంది. వాటికి బదులు బజార్లో కొండ ఉస్తి వేరు కలిసిపోవడమూ మామూలే. ఒకసారి పాఠానికని విజయవాడ వన్‌టౌన్‌లో ఒక మూలికల కొట్లో ములక వేరు కావాలన్నాను. పొట్లం కట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే మూడు రకాల వేళ్ళు, ఒకదాని తోలు మీద ఇంకా చామంతి దారం పోగు అతుక్కుని ఉంది. మర్నాడు తీసుకెళ్ళి చూపిస్తే 'అన్నీ ములకేనండీ, నేలని బట్టి మారతాయి' అన్నాడు. మనిషి మోసగాడిలా అనిపించలేదు. అతనికి తెచ్చి ఇచ్చినవాడు అలా చెప్పాడు, అతను నమ్మాడు.

చరకుడు చెప్పాడన్న మాటకు కూడా జవాబు చెప్పేస్తాను. చరకుడు చెప్పింది బృహతి గురించి. మీ పెరట్లో చెట్టు పుట్టినిల్లు అమెరికా ఖండాల ఉష్ణ ప్రాంతాలు, వెస్టిండీస్ దీవులు. 1788లో స్వార్ట్జ్ అనే స్వీడన్ వృక్షశాస్త్రవేత్త ఆ దీవుల మొక్కల్ని చూసే దీనికి పేరు పెట్టాడు. టార్వం అంటే లాటిన్లో కోరచూపు చూసేది అని. ముళ్ళు గుచ్చుకుని ఉంటాయి పాపం. తర్వాత ఓడల కాలంలో ఆసియా, ఆఫ్రికా అంతా పాకింది. అలా వచ్చినంత మాత్రాన పరాయిది అయిపోదు లెండి. గుంటూరులో ఉండి ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. యార్డులో బస్తాలకొద్దీ ఎరుపెక్కే మిర్చి ఈ కుటుంబమే, అదీ అమెరికా నుంచి వచ్చిందే. టమాటా అంతే. బంగాళాదుంప అంతే. పొగాకు కూడా అంతే, పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం మా ఊళ్ళోనే ఉంది. ఇంత మందిలో వంకాయ ఒక్కటే ఈ ఖండానిది. మన భోజనం, మన వ్యాపారం, మన వ్యసనం మూడూ ఒకే మొక్కల కుటుంబం మీద నడుస్తున్నాయి.

ఉస్తికి పేరు తెచ్చింది అరవవాళ్ళే. సిద్ధ వైద్యంలో ఎండు సుండకాయతో చేసే చూర్ణం ఉంది, అజీర్తికి, విరేచనాలకు వాడతారు. ఇళ్ళల్లో కడుపులో పురుగులు పోతాయని, ఆకలి పుడుతుందని పిల్లలకు నెయ్యన్నంలో రెండు కాయలు నలిపి పెడతారు. ఏకాదశి ఉపవాసం ఉన్నవాళ్ళు ద్వాదశి పారణలో దీన్ని తప్పనిసరిగా చేసుకునే ఇళ్ళున్నాయి. పడమటి ఆఫ్రికాలో ఘానావాళ్ళు రక్తం పడుతుందని సూపుల్లో వేస్తారు. థాయిలాండ్‌లో ఆకుపచ్చ కూరలో పచ్చి కాయలు అలాగే తేలుతుంటాయి. గమనించండి, ఇన్ని దేశాల్లో ఎక్కడ చూసినా ఇది ఎక్కువగా వంటింట్లోనే ఉంది. ఉడికి, వేగి, పులుసులో పడి, ఒక పూటకు పది పదిహేను కాయలు.

రక్తం పడుతుందన్న మాటలో కొంత నిజం ఉంది, కాయలో ఇనుము ఉంది. ఎండు కాయల్లో అంకె మరీ పెద్దదిగా కనిపిస్తుంది, నీళ్ళు పోయి బరువు తగ్గుతుంది కాబట్టి. కానీ వంద గ్రాముల ఎండు ఉస్తి ఒక్క పూటలో తినేవాడిని నేనింకా చూడలేదు.

షుగరు మాటకు వద్దాం. కాయ నుంచి తీసిన పదార్థాల్ని షుగరు తెప్పించిన ఎలుకలకు ఇస్తే రక్తంలో గ్లూకోజు తగ్గిందని పరిశోధనలు ఉన్నాయి. మీథైల్ కెఫియేట్ అనే పదార్థం ఒకటి అందులో ప్రముఖం. మామగారి స్నేహితుడు చెప్పిన షుగరు మాటకు మూలం బహుశా ఇదే. కాకపోతే ప్రయోగశాలలో ఇచ్చింది విడదీసిన పదార్థం, తూచిన మోతాదు. చెంచా పొడిలో అది ఎంత ఉందో, కాయ లేతదా ముదురుదా అన్నదాన్ని బట్టి ఎంత మారుతుందో మనకు తెలియదు. దానితో పాటు ఆ చెంచాలోకి ఇంకొకటి వస్తుంది, అదే అసలు గొడవ. ఉస్తి, ములక, కామంచి, మొలకెత్తి పచ్చబడ్డ బంగాళాదుంప, వీటన్నిట్లో చేదు ఆల్కలాయిడ్లు ఉంటాయి. చెట్టు తనను తినకుండా పెట్టుకున్న కాపలా అది. వేడికి అంత తేలిగ్గా విరగవు. దంచి, కడిగి, ఉప్పు మజ్జిగలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోస్తే కొంత పోతాయి. వంట పద్ధతిలో ఉన్న తెలివి అక్కడుంది. మామగారు చేసింది కాయ కోసి, ఎండబెట్టి, మిక్సీలో వేయడం. కాపలా మొత్తం లోపలే ఉంది, పైగా ఖాళీ కడుపున.

జమైకావాళ్ళు ఈ కాయని ఉప్పుచేపతో వండుకుని ఇష్టంగా తింటారు. అలాంటి అలవాటున్నవాళ్ళలోనే, కాయలు మామూలు కంటే చేదుగా ఉన్న రోజున తిన్న కొందరు మాట ముద్దగా రావడం, చూపు చెదరడం, కాళ్ళు తడబడటంతో ఆసుపత్రికి వెళ్ళారు. చూసిన డాక్టర్లు మొదట పక్షవాతమేమో అనుకున్నారు. ఎప్పుడూ తినేదే, ఆ రోజు కాయ వేరు. అందుకని ఉస్తి వండేటప్పుడు ఒక కాయ నోట్లో వేసుకుని చూడండి. మామూలు చేదు తెలుస్తుంది. నాలుక మీద మంటపుట్టేంత చేదుంటే గిన్నె మొత్తం పారబోయండి, నూనె ఖర్చయిందని చూడకండి.

చిన్నప్పుడు మా నాయనమ్మ పుప్పి పన్నుకు వాకుడు గింజల పొగ పట్టించేది. కుంపట్లో నిప్పుల మీద గింజలు వేసి, పైన గరాటులా తాటాకు చుట్టి, ఆ పొగ నోట్లోకి. కింద నీళ్ళ గిన్నె. పొగ పట్టాక గిన్నెలో సన్నటి తెల్లటి పురుగులు తేలేవి. 'చూశావా, పన్నులోంచి పడ్డాయి' అనేది. ఊళ్ళో అందరం కళ్ళారా చూసిందే. కాలేజీలో చేరాక ఒకరోజు నోరు పెట్టకుండా ఉత్త నిప్పులు, గింజలు, నీళ్ళ గిన్నె పెట్టి చూశాను. పురుగులు పడ్డాయి! ఈ కుటుంబం గింజల్లో మొలక చుట్ట చుట్టుకుని ఉంటుంది, వేడికి గింజ పగిలి ఆ చుట్ట బయటకు చిమ్ముతుంది. అవే పురుగులు. యూరప్‌లో కూడా సంతల్లో పళ్ళు పీకేవాళ్ళు ఈ ఇంటిదే ఇంకో మొక్క గింజలతో వందల ఏళ్ళు ఇదే చేసి డబ్బులు గుంజారు. నాయనమ్మ డబ్బు తీసుకోలేదు, నిజంగా నమ్మింది. పొగకు నొప్పి కాస్త తగ్గేదేమో కూడా. ఈ సంగతి ఆవిడకు చెప్పే ధైర్యం నాకు చివరిదాకా రాలేదు. మీ మామగారు 139 చూసి నమ్మారు కదా, నాకు ఆ నీళ్ళ గిన్నే గుర్తొచ్చింది.

పాప దగ్గు విషయం ఒక్క మాటలో: వద్దు. అత్తగారు విన్న ఆకు ఉచ్చింతదో వాకుడుదో అయి ఉంటుంది, మీ చెట్టుది కాదు. ఏడేళ్ళ పిల్లకు ఈ కుటుంబంలో ఏ ఆకు రసమూ ఇంట్లో పిండి పోయకండి. దగ్గు వారం దాటితే పిల్లల డాక్టరుకు చూపించండి. ఆయుర్వేదమే కావాలంటే విజయవాడలోనే నోరి రామశాస్త్రి గారి పేరిట ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, అక్కడ చదువుకున్న వైద్యులు ఉంటారు. వాళ్ళు ఇచ్చేది శుద్ధి చేసి, తూచి ఇచ్చే మందు. ఇంట్లో గర్భిణీలు ఎవరైనా ఉంటే వాళ్ళకు కూడా పొడులూ రసాలూ దూరంగా ఉంచండి. ఈ కోవ ములకల్లో దొరికే సొలసోడిన్ అనే పదార్థాన్ని స్టెరాయిడ్ మందులకు, గర్భనిరోధక మాత్రలకు ముడిసరుకుగా వాడారు. దానికోసం మన దేశంలో ఒక ములక జాతిని ప్రత్యేకంగా సాగు చేసిన రోజులున్నాయి.

మామగారి స్నేహితుడు కాలువ గట్టున ఇంకేమేం కోస్తున్నారో అని నా భయం. ఆ గట్ల మీద ములక పక్కనే ఉమ్మెత్త కూడా ఉంటుంది. అదీ ఈ ఇంటిదే, అందరిలోకీ ప్రమాదకారి. పొడుగాటి బాకా పూవు, ముళ్ళ బంతిలాంటి కాయ. 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాలో టిక్‌టాక్ వీడియో చూసి, కాయ ఆకారం కరోనా వైరస్ బొమ్మలా ఉంది కాబట్టి దానికి విరుగుడని నమ్మి, రెండు కుటుంబాలవాళ్ళు ఉమ్మెత్త గింజల రసం తాగి ఆసుపత్రి పాలయ్యారు. ఉమ్మెత్త ఒంట్లో పడితే నోరు పిడచగట్టుకుపోతుంది, కంటిపాప పెద్దదై వెలుగు భరించలేరు, ఒళ్ళు కాలిపోతుంది, పిచ్చి మాటలు వస్తాయి. విచిత్రం ఏమిటంటే అందులో ఉండే అట్రోపిన్ అనే పదార్థమే మా గుంటూరు జిల్లాలో ఎన్నో ప్రాణాలు కాపాడింది. మిరప, పత్తి చేలల్లో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు ఒంట్లోకి వెళ్తే సరిగ్గా తిరగబడిన లక్షణాలు వస్తాయి. నోట్లోంచి చొంగ, చెమటలు, సూదిమొనంత కంటిపాప. అప్పుడు డాక్టర్లు ఎక్కించేది అట్రోపినే, నిమిష నిమిషానికీ కంటిపాపనూ నాడినీ ఊపిరితిత్తుల్నీ చూసుకుంటూ. అదే పదార్థం, ఇక్కడ మిల్లీగ్రాములు, అక్కడ గుప్పెడు.

ఇదే మామగారికి చెప్పి చూడండి. ఆయనతో చెట్టు మంచిదా చెడ్డదా అని వాదన పెట్టుకోకండి, మీరు గెలవరు. గెలిచినా ఇంట్లో మాట పడుతుంది. ఆ తరంవాళ్ళకు మాత్రల మీద ఒక దిగులుంటుంది, ఒకసారి మొదలెడితే జీవితాంతం అని. అది ఇంగ్లీషు మందు, ఇది మన మందు అన్న పట్టింపు కూడా ఉంటుంది. షుగరుకు ఎక్కువమంది వేసుకునే మెట్‌ఫార్మిన్ కథ చెప్పండి. యూరప్‌లో గలేగా అనే మొక్కను అతిమూత్రానికి నాటువైద్యంలో వాడేవారు. మొక్క అలాగే తింటే గొర్రెలు చచ్చేవి. అందులో ఉన్న పదార్థాన్ని పట్టుకుని, దాన్ని పోలినదాన్ని ప్రయోగశాలలో తయారుచేసి, 1922లో మొదటిసారి కట్టిన మెట్‌ఫార్మిన్‌ను 1957లో ఫ్రాన్సులో మనుషులకు ఇవ్వడం మొదలెట్టారు. ఆ మాత్ర వెనకా ఒక పచ్చి మొక్క ఉంది. విషం తీసేసి, తూచి ఇస్తున్నారు, అంతే తేడా. తర్వాత ఆయన్నే డాక్టరు దగ్గరికి పొడి డబ్బాతో సహా తీసుకెళ్ళి, ఆయన నోటితోనే చెప్పించండి. మూడు నెలల సగటు షుగరు పరీక్ష ఒకటి చేయించమని అడగండి, ఒక్క పొద్దుటి అంకె పట్టుకుని సంబరమూ దిగులూ పడకుండా ఉంటారు. స్వీట్లు మానేసినందుకు మాత్రం మీరందరూ ఆయన్ని గట్టిగా మెచ్చుకోండి, అది ఆయన సాధించిందే.

చెట్టు కొట్టేయనక్కర్లేదు. పెరట్లో చెట్టు కాయలే, పచ్చివి, లేతవి, వారానికోసారి కూరగాయలా తినండి. కాలువ గట్టువి వద్దు, ములక అయినా ఉస్తి అయినా. ఆ నీళ్ళల్లో ఊరి మురుగంతా కలుస్తోంది. వరుగు పెట్టుకోవడం తెలిస్తే మామగారి పొడి సరదా కూడా తీరుతుంది. కాయల్ని ఒక్కొక్కటీ పప్పుగుత్తి వెనకతో నొక్కాలి. గింజలు బట్టల మీదికి చిమ్ముతాయి, పాత చీర కట్టుకుని కూర్చోండి. నొక్కినదాన్ని వెంటనే నీళ్ళలో వేయాలి, లేకపోతే నల్లబడతాయి. గింజలు కొంత రాలిపోయేలా రెండు మూడు నీళ్ళు మార్చి కడిగి, ఉప్పు వేసిన పుల్లటి మజ్జిగలో రాత్రంతా ఉంచి, పొద్దున మజ్జిగ పిండేసి ఎండలో పెట్టాలి. సాయంత్రం మళ్ళీ మజ్జిగలోకి. చల్లమిరపకాయలు పెట్టినట్టే. రెండు మూడు రోజులయ్యాక మిగిలిన మజ్జిగ పారబోసి ఉత్త ఎండ. విజయవాడ మే నెల ఎండకు నాలుగో రోజుకల్లా గలగలలాడతాయి. తినేటప్పుడు నాలుగైదు నూనెలో ముదురు రంగు వచ్చేదాకా వేయించి పెరుగన్నంలో నంజుకోవడమే. మామగారికి బీపీ కూడా ఉంటే ఉప్పు సంగతి డాక్టరును అడిగి పెట్టండి, వరుగులో ఉప్పు మామూలుగా ఉండదు. పచ్చి కాయలైతే ఇలాగే నొక్కి కడిగి, నూనెలో మగ్గించి చింతపండు పులుసులో వేయండి. చిన్న బెల్లం ముక్క వేయాలని నాకుంటుంది, మీ ఇంట్లో ఇప్పుడు వద్దు.

వంకాయలు మళ్ళీ కావాలనుకుంటే కొత్త అంటు మొక్క తెచ్చి నాటండి. నాటేటప్పుడు అంటు కట్టిన చోటు మట్టిలో కూరుకుపోకుండా నాలుగు వేళ్ళ ఎత్తు పైన ఉండాలి. ఆ కట్టు కింద నుంచి ఏ చిగురు వచ్చినా గోటితో గిల్లేయండి. ముల్లున్న చిగురు ఉస్తిది, వదిలేస్తే వంగను మింగేస్తుంది.